ఏడో చక్రం

మార్చి 4

చెయ్యి ఆడటానికి రోజూ ఏదో ఒకటి రాయమన్నాడు డాక్టరు. ఏం రాయాలని అడిగితే, "ఏదైనా సరే, మీ పేరే రాసుకోండి" అన్నాడు. పేరు రెండు పేజీలు రాసేసరికి విసుగొచ్చింది. అందుకే ఇది.

భుజం ఇంకా పట్టేసినట్టే ఉంది. కుడి చెయ్యి చెవి దాకా లేవడం లేదు. ఎముక అతుక్కుంది, పనిలోకి వెళ్లొచ్చు అంటాడు డాక్టరు. అనడానికేం, భుజం ఆయనది కాదు కదా.

షాపులో నా కుర్చీ తలుపు పక్కన వేశారు. కార్లు, మోటారు సైకిళ్లు మా ఆవిడ చూసుకుంటోంది. లారీ వస్తే, "మా ఆయనకి బాగోలేదండీ, ఇంకోచోట చూసుకోండి" అని పంపేస్తోంది. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడదు.

ఆ రోజు లారీ చక్రానికి గాలి పడుతుంటే, టైరుని రిమ్ములో పట్టి ఉంచే ఇనుప లాక్ రింగు ఎగిరి, నా భుజానికి కొట్టుకుని, పైన రేకును చీల్చుకుని పోయింది. ఆ బెజ్జంలోంచి ఎండ పళ్లెమంత నేల మీద పడుతుంది. పొద్దున కంప్రెషర్ దగ్గర ఉంటుంది. మధ్యాహ్నానికి నా కాళ్ల దగ్గరికి వస్తుంది. అప్పుడు కుర్చీ జరుపుకుంటాను. ఎండ కదా.

మార్చి 5

మిలటరీ ట్రక్కు ఒకటి వచ్చింది. వచ్చిందనడం తప్పు, పెద్ద ట్రాలీ మీద ఎక్కించి తెచ్చి షాపు పక్క ఖాళీ జాగాలో దించారు. ఆకుపచ్చ రంగు, అద్దం ఒకటి లేదు, ఇంజను మాత్రం పలుకుతోంది. వేలంలో కొన్నావిడ కూడా వెంటే వచ్చింది. నాటకాల కంపెనీ నడుపుతుంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆఖరి వరస దాకా వినపడుతుంది.

"ఏడు చక్రాలూ ఊడదీయాలి అన్నయ్యా. ఆరు కిందవి, ఒకటి స్టెప్నీ. కొత్త టైర్లు లోపలే పడేసి తెచ్చాను. పక్క తలుపు దించితే ఇదే నా స్టేజీ. రెండు వారాల్లో బయల్దేరాలి."

"నాకు భుజం బాగోలేదమ్మా" అన్నాను.

"మీ ఆవిడ ఒప్పుకుందిగా!"

మా ఆవిడ వైపు చూశాను. తను పంపు గొట్టం చుట్ట చుడుతోంది. "మా తమ్ముడు చేస్తాడు. మీరు కుర్చీలోంచి చెప్పండి చాలు" అంది.

మా బామ్మర్ది వెల్డింగు చేస్తాడు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు వాడి పని. టైరుకీ వాడికీ చుట్టరికం లేదు.

వెళ్లి చక్రాలు చూశాను. చూడటమే. సగాలుగా విడిపోయే రిమ్ములు. రెండు పళ్లేలను వీపూ వీపూ కలిపి బిగించినట్టు ఉంటాయి. నట్లు రెండు వరసలు. లోపలి వరస చక్రాన్ని బండికి పట్టి ఉంచుతుంది. బయటి వరస రెండు సగాలనూ పట్టి ఉంచుతుంది. గాలి ఉండగా బయటి వరస విప్పితే, పై సగం విప్పినవాడి మీదికే వస్తుంది. మిలటరీ వాళ్లు రెండు వరసలకూ ఒకటే ఆకుపచ్చ కొట్టేశారు.

కుర్చీలోంచే మా షాపు పద్ధతి చెప్పాను. బయటి వరస నట్లకు ముందు ఎర్ర రంగు. తర్వాత వాల్వు పిన్ను తీయడం. తర్వాత సన్న తీగ వాల్వులోకి దింపడం. తీగ అడ్డం లేకుండా దిగాకే ఎర్ర నట్లకు పానా.

"పిన్ను తీశాక మళ్లీ తీగ ఎందుకు బావా?" అన్నాడు బామ్మర్ది.

"గాలి బయటికొచ్చిందో లేదో పిన్నుకి తెలీదు. తీగకి తెలుస్తుంది."

మార్చి 6

భుజం నొప్పి.

చక్కెర డబ్బా ఈమధ్య పై అరలో పెడుతోంది మా ఆవిడ. వంటింట్లో ఇంత చోటుండగా అక్కడే ఎందుకో. దించుకుని టీ పెట్టుకున్నాను. చేతిలో బలం లేదు.

మార్చి 7

కిందివి ఆరు చక్రాలూ బండి నుంచి ఊడాయి. అదేం గొప్ప కాదు. టైరుని రిమ్ము నుంచి విడదీయడమే గొప్ప. ఎన్నేళ్లు ఒకేచోట నిలబెట్టారో, రబ్బరు అంచు తుప్పుతో కలిసిపోయింది. ఆరింటికీ గాలి లేదు. మొదటిదానికి తీగ దింపితే బుస్సుమనలేదు. ఎర్ర నట్లు విప్పేశారు. అయినా రిమ్ము సగాలు కదల్లేదు. టైరే వాటిని పట్టుకుని కూర్చుంది.

రాడ్లు రెండు పెట్టి మా ఆవిడా, బామ్మర్దీ చెరో వైపు వేలాడారు. రాడ్లు వంగాయి. బామ్మర్ది సమ్మెటతో కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ సమ్మెట వెనక్కి ఎగిరింది. పదోసారికి వాడే దాంతో పాటు వెనక్కి వెళ్లి ట్యూబుల కుప్పలో పడ్డాడు.

"ఒరేయ్, టైరుని కొడుతున్నావా, అది నిన్ను కొడుతోందా?" అంది మా ఆవిడ.

"అక్కా, దీనికి మిలటరీ ట్రైనింగు ఉందే."

నేను నవ్వాను. చాలా రోజులైంది.

మార్చి 8

మధ్యాహ్నం సెల్‌ఫోన్లు అమ్మే అబ్బాయి టేపు పట్టుకుని వచ్చి మా షాపు పొడుగూ వెడల్పూ కొలుచుకున్నాడు. మర్యాదస్తుడు. నా కుర్చీ అడ్డమొస్తే, "మీరు కూర్చోండి అంకుల్, ఊహించుకుని రాసుకుంటాను" అన్నాడు.

వాడు వెళ్లాక మా ఆవిడ చెప్పింది. గొంతు పెంచలేదు. "లారీ చక్రం ముట్టుకోని టైర్ల షాపు ఎన్నాళ్లు నడుస్తుందండీ? ఈ ట్రక్కు పని అయ్యేలోపు మీరు ఒక్క టైరు మీద చెయ్యి వెయ్యండి. వేస్తే షాపు మనది. లేదంటే ఆ అబ్బాయికి ఇచ్చేస్తాను. మీరు కూడా హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

"భుజం..." అన్నాను.

"భుజం సంగతి నాకు తెలుసు" అంది.

ఏం తెలుసో. నొప్పి నాది.

కంప్రెషర్ పక్కన కుర్చీ అన్నది లేకుండా పాతికేళ్లు నిలబడ్డ మనిషిని నేను. ఆ అబ్బాయి అక్కడ గాజు బీరువా పెడతాడట.

మార్చి 9

బామ్మర్ది కొత్త పనిముట్టు తెచ్చాడు. లారీ స్ప్రింగు పట్టీని సాగగొట్టి, ముక్కులా చదును చేసి, సమ్మెట తలకు అతికించాడు. దాని పేరు కొంగ అట. ముక్కుని టైరుకీ రిమ్ముకీ మధ్య ఆనించి వెనక నుంచి ఇంకో సమ్మెటతో కొట్టాలి.

కొట్టాడు. కొంగ ముక్కు లోపలికి దిగింది.

బయటికి రాలేదు. సాయంత్రం దాకా అందరం కలిసి కొంగను ఊడదీశాం. అంటే వాళ్లు ఊడదీశారు. నేను అటు, ఇటు అని చెప్పాను.

మార్చి 10

నాటకాలావిడ చూడటానికి వచ్చి, "ఇంకా ఒక్కటీ రాలేదా!" అంది. రోడ్డు అవతల టీ కొట్టతను తొంగి చూశాడు. అంత గొంతు. ఆవిడే ఉపాయం చెప్పింది. చక్రాన్ని పడుకోబెట్టి, టైరు మీద మందమైన చెక్క వేసి, చెక్క మీదికి వాళ్ల సామాను వ్యానుని ఎక్కించాలి. బరువుకి టైరు కిందికి దిగాలి.

వ్యాను ఎక్కింది. టైరు కిక్కురుమనలేదు. వ్యాను దిగేటప్పుడు వెనక తలుపు తెరుచుకుని ఒక సింహాసనం, మూడు కిరీటాలు, ఒక గద రోడ్డు మీద పడ్డాయి. బామ్మర్ది గద తీసుకుని టైరుని నాలుగు బాదాడు. గద అట్టది. విరిగింది.

"బావా, నువ్వు లేచొచ్చి ఒక్కసారి చూడకూడదూ" అన్నాడు.

"ఇక్కణ్నుంచి కనపడుతోంది" అన్నాను.

వాడు గద ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాడు. వాడు జోకు వెయ్యకపోతే నాకు బాగుండదు.

మార్చి 11

కొట్టడం వల్ల కాదు, నొక్కడం వల్ల అవుతుంది. పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. సమ్మెట దెబ్బ రబ్బరులోకి పోతుంది, రబ్బరు దాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. జాకీ అయితే తిరిగి ఇవ్వనివ్వదు. ఒక చోట రిమ్ము అంచుని పట్టుకుని, దాని పక్కనే టైరుని కిందికి నెట్టాలి. పట్టుకునే చెయ్యీ నెట్టే చెయ్యీ ఒకే చట్రానికి ఉంటే చాలు.

బొమ్మ ఇక్కడే వేశాను.

బామ్మర్ది బొమ్మ చూసి పేజీని అటూ ఇటూ తిప్పాడు. "ఇది మొసలి బావా" అన్నాడు. పైదవడ రిమ్ము మీద, కిందిదవడ టైరు మీద, మధ్యలో సీసా ఆకారం జాకీ. నిజంగానే మొసలిలాగే ఉంది. తోక కూడా ఉంది, అది జాకీ పిడి.

"గీతలు చక్కగా వచ్చాయే. చెయ్యి బాగోలేదన్నావుగా?"

"మోచేతి కింద బాగానే ఉంటుంది. పైనే."

మార్చి 12

మొసలి మొదటి కాటు. రిమ్ము అంచు గుండ్రం, మొసలి పన్ను తిన్నన. జాకీ నాలుగు సార్లు ఆడించగానే పన్ను జారి, చట్రం అంతా పక్కకు గెంతింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ దూరంగానే ఉన్నారు. నేను మరీ దూరంగా ఉన్నాను. చప్పుడు వినగానే వీధిలోకి వెళ్లిపోయానట. మా ఆవిడ చెప్పింది. గాలి కోసం వెళ్లి ఉంటాను.

పన్నుకి రిమ్ము వంపే ఉండాలి. రిమ్ము మీద అట్ట ఆనించి అచ్చు గీసి ఇచ్చాను. అట్ట విరిగిన గదది.

మార్చి 13

వచ్చింది!

మార్చి 14

నిన్న ఉద్రేకంలో ఒక్క మాటే రాశాను. ఇవాళ వివరంగా.

వంపు పన్ను రిమ్మును గట్టిగా పట్టుకుంది. సబ్బు నీళ్లు పోశారు. బామ్మర్ది జాకీ ఆడించాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పాత తలుపు తీసినట్టు కిర్రుమంది, టైరు అంచు వేలెడు కిందికి దిగింది. మొసలిని జానెడు జరిపి మళ్లీ నొక్కారు. అలా చుట్టూ తిరిగారు. చక్రం తిరగేసి రెండో వైపు కూడా అంతే. తర్వాత రిమ్ము పై సగం వంటింట్లో మూత తీసినట్టు లేచొచ్చింది. లోపలి నుంచి బొచ్చెడు తుప్పు, ఒక ఎండిన బల్లి.

నాటకాలావిడ చప్పట్లు కొట్టింది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూసింది. నేను కూడా చప్పట్లు కొట్టాను.

మార్చి 15

ఆరూ అయిపోయాయి. ప్రతిదానికీ పిన్ను తీశారు, తీగ దింపారు, ఏమీ రాలేదు. ఆరోదానికి బామ్మర్ది తీగను కత్తిలాగా తిప్పి దింపాడు. "చచ్చినవాడి నాడి చూస్తున్నాం బావా" అన్నాడు.

"చూడు. పోయేదేముంది."

వాడు ఇంకోటి కనిపెట్టాడు. ఎర్ర నట్లు పూర్తిగా విప్పకుండా, కాస్త వదులు చేసి వదిలేస్తే మొసలి పని తేలికవుతుందట. నిజమే, గాలి లేదు కాబట్టి.

రేపు స్టెప్నీ. అది ఆఖరిది. ఈ ట్రక్కు పని రేపటితో అయిపోతుంది. అంటే టైర్లు ఊడదీసే పని. తర్వాత కొత్త టైర్లకు గాలి పట్టాలి. అది కూడా పనేనా? మా ఆవిడ "ట్రక్కు పని" అంది. అడగాలి. అడగలేదు.

చక్కెర డబ్బా ఇంకా వెనక్కి నెట్టింది. మునివేళ్ల మీద నిలబడి తీసుకోవాల్సొచ్చింది.

మార్చి 16

ముందు నుంచి రాస్తాను.

స్టెప్నీ ట్రక్కు వెనక బోల్టులకు వేలాడుతోంది. బామ్మర్ది విప్పి, పలక మీదుగా దొర్లించుకుంటూ తెచ్చాడు. గడప దాటాక చెయ్యి జారి చక్రం పక్కకు పడింది. నేను కుర్చీలో టీ తాగుతున్నాను, అటు చూడటం లేదు. చప్పుడు మాత్రం విన్నాను.

ఆ చప్పుడు ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు.

బామ్మర్ది పిన్ను తీశాడు. తేలిగ్గా వచ్చింది. వాల్వు దగ్గర చెవి పెట్టి విన్నాడు, ఏమీ రాలేదు. పిన్నుని, మా ఆవిడ పిన్నులు పోగేసే పళ్లెంలో మిగతా ఆరింటి పక్కన పడేశాడు. తీగ కోసం చూశాడు. తీగ నా కుర్చీ వెనక మేకుకు ఉంది. "ఆరింటికి చూశాం, చాల్లే" అని పానా తీసుకుని ఎర్ర నట్టుకు తగిలించాడు. మా ఆవిడ చక్రం కదలకుండా రెండో వైపు వంగి పట్టుకుంది. ఇద్దరి తలలూ చక్రం మీదే ఉన్నాయి.

అప్పుడు తెలిసింది. మిగతా ఆరూ పడినప్పుడు బియ్యం బస్తా పడ్డట్టు పడ్డాయి. ఇది పడి, కాస్త లేచి, మళ్లీ పడింది.

పళ్లెంలో చూశాను. పిన్నులు ఆరు ఒక పొడుగు. ఏడోది సగమే ఉంది. విరిగి, పై ముక్క మాత్రం వచ్చింది. కింది ముక్క వాల్వు లోపలే బిరడాలాగా కూర్చుని ఉంది.

"ఆపు!"

నా గొంతు నాటకాలావిడ గొంతంత వచ్చింది. బామ్మర్ది పానా అలాగే పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. నట్టు అప్పటికే పావు చుట్టు తిరిగింది.

"తిప్పకు. ముందుకీ వద్దు, వెనక్కీ వద్దు. పానా అక్కడే వదిలేసి రెండు చేతులూ తీసెయ్. తలలు వెనక్కి. ఇద్దరూ వీధిలోకి నడవండి. పరిగెత్తొద్దు."

"ఏమైందండీ?"

"నడువు!"

వాళ్లు వెళ్లారు. నేను కూడా వెళ్లాల్సింది. తీగ చేతిలో ఉంది. మేకు మీద నుంచి ఎప్పుడు తీశానో తెలియదు.

చక్రం పక్క నుంచి వెళ్లాను, మీదికి వంగలేదు. గోడ వారగా మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాపి, తీగ కొనను వాల్వులో పెట్టాను. కొంచెం దిగి ఆగింది. నొక్కాను. ఆగింది. ఎడమ చెయ్యి గోడకు ఆనించుకుని, కుడి చెయ్యి టైరు మీద ఆనించి ఇంకాస్త గట్టిగా నొక్కాను.

బుస్సుమంది.

ఎంతసేపు వచ్చిందో. ఎప్పటి గాలో, ఏ సిపాయి పట్టాడో. పాత రబ్బరు వాసన, తడి మట్టి వాసన. నా చొక్కా కాలరు ఊగింది. వీధిలోంచి బామ్మర్ది, "బావా, అది ఇంకా బతికే ఉందా?" అని అరిచాడు.

బుస కొంచెం కొంచెంగా తగ్గి, సన్నగా అయి, ఆగిపోయింది. తీగ పూర్తిగా దిగేదాకా అటూ ఇటూ ఆడించాను. తర్వాత ఎర్ర నట్టుకు ఉన్న పానా నేనే తిప్పాను. ఏమీ కాలేదు.

వెనక్కి తిరిగితే మా ఆవిడ గుమ్మంలో ఉంది. నా కుడి చెయ్యి చూస్తోంది. అది ఇంకా టైరు మీదే ఉంది.

"భుజం ఎలా ఉందండీ?" అంది.

"పట్టేసింది" అన్నాను.

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ తర్వాత తను గడప మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. బామ్మర్ది నా కాళ్ల దగ్గర కూర్చుని ఆ సగం పిన్నుని తిప్పి తిప్పి చూశాడు. వాడిని తిట్టాలనుకున్నాను. తిట్టలేదు. దాన్ని వాడి తాళాల గుత్తికి గుచ్చుకోమన్నాను. గుచ్చుకున్నాడు.

మార్చి 17

గాలి పట్టే రోజు. నిజం రాస్తాను, ఎవరు చదువుతారు కనక. నిన్నటిది భయపడే తీరిక లేక చేసిన పని. ఇవాళ తీరిక ఉంది. పొద్దున రెండుసార్లు చెప్పులేసుకున్నాను, రెండుసార్లు విప్పాను.

బామ్మర్ది మందపాటి ఇనుప గొట్టాలతో బోను వెల్డింగు చేసి తెచ్చాడు. చక్రం అందులో నిలబడుతుంది. ఏదైనా ఎగిరినా బోను దాటదు. గాలి గొట్టం షాపు వెనక మా ఇంటి గోడ దాకా వచ్చేంత పొడుగుది తెచ్చాడు, మీటరు మన చేతి దగ్గరే ఉంటుంది. "బావా, మొసలికి బోను" అన్నాడు.

ఈ బోను ఆ రోజే ఉండి ఉంటే అనిపించింది. లేదు. ఇప్పుడుంది.

కొత్త టైరు ఎక్కించిన మొదటి చక్రాన్ని బోనులోకి నేనే దొర్లించాను. ఎర్ర నట్లు ఒక్కొక్కటీ నా చేత్తో బిగించి చూసుకున్నాను. గొట్టం తగిలించాను. దూరంగా వెళ్లి గాలి వదిలాను. రబ్బరు అంచు రిమ్ములో కూర్చునేటప్పుడు టప్పుమంటుంది, అది మామూలే. నాకు తెలుసు, వేలసార్లు విన్నాను. అయినా మొదటి టప్పుకి కళ్లు మూసుకున్నాను. తెరిస్తే చక్రం అక్కడే ఉంది. రేకు బెజ్జంలోంచి పడ్డ ఎండ దాని మీద ఉంది.

రెండో చక్రానికి కళ్లు తెరిచే ఉంచాను. మూడోదానికి బామ్మర్దితో మాట్లాడుతూ పట్టాను. ఏడోదానికి నాటకాలావిడ కిరీటం తెచ్చి నా తల మీద పెట్టింది. తీద్దామంటే రెండు చేతులకూ నూనె. అలాగే పట్టాను.

మార్చి 18

ట్రక్కు వెళ్లిపోయింది. తన చక్రాల మీద తనే. నాటకాలావిడ కిటికీలోంచి చెయ్యూపుతూ వీధి చివర దాకా ఏదో అరుస్తూనే వెళ్లింది. మొదటి ఆటకు మమ్మల్ని ముందు వరసలో కూర్చోమందట.

సెల్‌ఫోన్ల అబ్బాయి వచ్చాడు. ఈసారి గాజు బీరువా బొమ్మ కూడా తెచ్చాడు. మా ఆవిడ వాడికి టీ ఇచ్చి కూర్చోబెట్టింది, నా కుర్చీలోనే. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది మరి. నేను లారీ చక్రం ఒకటి బోనులోకి దొర్లిస్తున్నాను.

"ఆంటీ, ఈ గది ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

"కాదు బాబూ. కొలతలు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. ఇంకో బోను చేయించాలి, పనికొస్తాయి."

టీలో చక్కెర తక్కువైందన్నాడు పాపం. మా ఆవిడ నన్ను పిలిచింది. "ఏమండీ, ఆ డబ్బా కాస్త అందిస్తారా?"

వంటింట్లోకి వెళ్లాను. పై అర. చెయ్యి పైకెత్తి, డబ్బా మీద వేళ్లు పడ్డాక ఆగిపోయాను. కుడి చెయ్యి. చెవి దాటి, తల దాటి, అర దాకా. రెండు వారాల పైనుంచి, రోజుకు రెండుసార్లు.

వెనక్కి తిరిగితే తను గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది ఇక్కడ ఎప్పట్నుంచి పెడుతున్నావు?" అన్నాను.

"డాక్టరు ఎముక అతుక్కుందని చెప్పిన రోజు నుంచి" అంది. "రేపట్నుంచి కింద పెడతాలెండి. నాకు అందడం లేదు. ఇన్నాళ్లూ స్టూలెక్కి పెడుతున్నాను."